తొందరమ్మ ఎడమకాలు

రొట్టెలకి కాగితం చుట్టే బల్ల దగ్గర నిలబడేవాళ్ళకి చేతులుంటే చాలు, కాళ్ళతో పనిలేదు. తొందరమ్మకి వచ్చిన కష్టమంతా అదే. ఆవిడ చేతులు బన్నులు తీసి సంచుల్లో వేస్తుంటే కాళ్ళు మాత్రం కాలుగాలిన పిల్లిలా బల్ల కింద అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ఈమధ్య మరీ ఎక్కువైంది. కుడికాలు నేలమీద ఉంటే ఎడమకాలు అక్కడ లేని క్లచ్చిని నొక్కుతుంది, మెల్లగా వదులుతుంది, మళ్ళీ నొక్కుతుంది. పక్కన పనిచేసే ఆవిడ బల్ల ఊగుతోందని కసరడం కూడా మానేసింది.

నెల తక్కువగా పుట్టిందట. అప్పట్నుంచీ ఆవిడ తొందరమ్మే. అసలు పేరు రేషన్ కార్డు చూస్తే గానీ ఆవిడకే గుర్తురాదు. టీ చల్లారకముందే తాగుతుంది, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్తుంది. మొగుడు ఓడల మీద వంటవాడు. తిరుగుళ్ళు ఆయనకి దక్కాయి, తిరగాలన్న కోరిక ఈవిడకి దక్కింది. పదకొండేళ్ళుగా ఆ బల్ల దగ్గర నిలబడి, కిటికీలోంచి బేకరీ వ్యాను బయటికి పోవడం చూసి, అది వచ్చేదాకా ఎక్కడెక్కడ తిరిగొస్తుందో ఊహించుకుంటూ ఉంటుంది.

ఆ వ్యాను తోలే పెద్దాయన నెలాఖరుకి పని మానేస్తున్నాడు. "లైసెన్సు తెచ్చుకో, తాళం నీ చేతికే ఇస్తా. తేలేదనుకో, బయటివాణ్ణి పెట్టుకుంటా. తర్వాత నన్ను ఆడిపోసుకోవద్దు," అని యజమాని నాలుగైదు నెలల కిందటే చెప్పాడు. తొందరమ్మ ఆ సాయంత్రమే డ్రైవింగు స్కూల్లో చేరింది. ఇప్పటికి మూడుసార్లు పరీక్షకి వెళ్ళింది, మూడుసార్లూ తప్పింది. శనివారం నాలుగోది. అదీ పోతే ఆరునెలలు ఆగి రమ్మంటారు, అప్పటికి వ్యాను ఇంకొకరి చేతిలో ఉంటుంది.

తప్పడం కూడా ఒకే చోట. పరీక్షలో ఒక మిట్ట ఉంది. మిట్ట మధ్యలో తెల్లగీత దగ్గర బండి ఆపి, వెనక్కి జారకుండా, ఇంజను ఆగకుండా మళ్ళీ పైకి కదిలించాలి. మూడుసార్లూ ఆ గీత దగ్గరే స్కూలు వాళ్ళ పాత నీలం కారు ఆగిపోయింది. తర్వాత ఎంత సెల్ఫ్ కొట్టినా ఊరికే మూలిగింది తప్ప లేవలేదు. ఇన్‌స్పెక్టరు పెన్ను తీశాడు.

ఆ ఊళ్ళో బండి ఆగిపోతే దాని చివరి దగ్గు ఆగినచోటే మిగిలిపోతుంది. కంటికి కనపడదు. బోనెట్టు ఎత్తున గాల్లో నిలబడి ఉంటుంది, భుజమో సంచో తగిలితే మోగుతుంది. లారీల దగ్గులు పెద్దవి, వాటిని తప్పించుకు నడవాలి. స్కూటర్లవి పిడికెడంతే. ఎవరూ కదిలించలేరు, ఎండకీ వానకీ అరిగి పోవలసిందే. రోడ్డు ఊడ్చేవాళ్ళకి అవన్నీ కంఠతా వచ్చు. మిట్టమీద వాచీల దుకాణం ఆయన అయితే, పోయేవాళ్ళు తగిలి పదేపదే మోగించకుండా పేవ్‌మెంటు అంచున ఒక కుర్చీ అడ్డం పెట్టుకున్నాడు. పరీక్ష జరిగే మిట్ట కదా, అక్కడ దగ్గులకి లోటులేదు.

తొందరమ్మవి మూడూ ఆ తెల్లగీత మీదే వరసగా వేలాడుతున్నాయి. బేకరీకి వెళ్ళే దారి అదే. రోజూ పొద్దున చీకట్లోనే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఆవిడ సరిగ్గా గీత దగ్గరికి పోయి వాటికి భుజం తగిలించి వినేది. పుండుని గోకినట్టే, వద్దనుకున్నా చెయ్యి ఆగదు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు బండిమీద పెట్టకు," అంది వదిన ఒకరోజు. మొగుడి అక్కగారు, వాళ్ళతోనే ఉంటుంది. తొందరమ్మ అప్పుడు గిన్నెలు తోముతూ, ఎడమకాలితో గచ్చుని నొక్కుతూ, కారులోనే ఏదో లోపం ఉందేమోనని నసుగుతోంది. "క్లచ్చి మీంచి కాలు ఠక్కున తీసేస్తావు, అది ఆగిపోతుంది. నిదానం అనేది నీ జాతకంలో లేదు."

"నిదానంగానే తీశాను వదినా."

"నీ నిదానం నాకు తెలీదా? నిన్న పప్పు ఉడక్కముందే దించావు."

వదిన మాట కటువే గానీ మనిషి మంచిది. పరీక్ష తప్పి వచ్చిన మూడుసార్లూ ఏమీ అడక్కుండా అన్నం కలిపి పెట్టింది. ఆవిడకున్న చాదస్తం ఒక్కటే. మార్కెట్టుకి దగ్గరి దారి బట్టల కొట్ల మధ్య ఉన్న రేకుల సందు. అందరూ అందులోంచే పోతారు. వదిన మాత్రం ఎండైనా వానైనా రోడ్డంతా చుట్టి పోతుంది. ఎందుకని అడిగితే "ఆ సందులో గాలాడదు" అంటుంది.

డ్రైవింగు మాస్టారు కూడా వదిన మాటే అన్నాడు, కాకపోతే మెత్తగా. ఆయనకి ఎవరినీ నొప్పించడం రాదు. కారు వెనకద్దం మీద 'నిదానమే ప్రధానం' అని తనే రంగుతో రాసుకున్నాడు. "అమ్మా, నేర్చుకునేవాళ్ళన్నాక బండి ఆపుతారు. నా సర్వీసులో ఆపనివాణ్ణి చూళ్ళేదు. నీ ఒక్కదానికే కాదు, సాయంత్రం బ్యాచ్‌లో ఆ మంగలాయనకీ అంతే అయ్యేది. పాపం, విసుగొచ్చి సైకిలు కొనుక్కున్నాడు."

తప్పు ఎక్కడ జరిగిందంటే సరిగ్గా అక్కడే. ఇంకే కారైనా రోజుకి నాలుగుసార్లు ఆగిపోతే కారుకి జబ్బు అనుకుంటారు. డ్రైవింగు స్కూలు కారు ఆగిపోతే మాత్రం కాలికి జబ్బు అనుకుంటారు. పైగా ఆ కాలు తొందరమ్మదైతే ఇక చెప్పక్కర్లేదు.

బుధవారం పొద్దున ఆవిడ మిట్ట ఎక్కుతూ తన మూడు దగ్గులూ విని, ముందుకి పోబోయి, ఆగింది. ఆవిడ ఆగడం అరుదు. వెనక్కొచ్చి పక్కనున్న ఎవరిదో దగ్గుని తట్టింది. అది టప్‌మని ఎగిరి పడి ఊరుకుంది. ఇంకోదాన్ని తట్టింది, అదీ అంతే. తనవి అలా లేవు. తనవి సన్నగా మొదలై, ఇంకా సన్నగిల్లి, చివర్లో ఖాళీ గ్లాసులో గొట్టం పెట్టి పీల్చినట్టు ఉన్నాయి. గీతకి కాస్త కింద ఇంకోటి అచ్చం తన వాటిలాగే ఉంది. అది మంగలాయనది.

బేకరీకి ఆలస్యంగా వెళ్ళి చివాట్లు తింది. సాయంత్రం సరాసరి మెకానిక్ షెడ్డుకి పోయింది.

మెకానిక్‌కి ఎడమ చెవి వినపడదు, అందుకని ఎవరు మాట్లాడినా తల పక్కకి తిప్పి అనుమానంగా చూస్తున్నట్టు ఉంటాడు. నిజంగానే అనుమానంగా చూశాడు. "మాస్టారు నెలకోసారి తెస్తూనే ఉన్నాడక్కా, త్వరగా స్టార్టవట్లేదని. ప్లగ్గులు మార్చాను. పాయింట్లు గీకాను. కార్బురేటరు విప్పి కడిగాను. బ్యాటరీ బాగానే ఉంది. ఆయన తెచ్చేది పొద్దున. ఇక్కడ సెల్ఫ్ కొట్టగానే లేస్తుంది, గంటసేపు గుర్రుమంటూ బుద్ధిగా ఉంటుంది. డాక్టరు ముందు దగ్గని రోగికి మందు ఎలా ఇవ్వను?"

"దగ్గు ఇక్కడికి రాదు. నువ్వే అక్కడికి రా అన్నా."

"ఎక్కడికి?"

"మిట్టమీదికి."

చేతికున్న గ్రీజు తుడుచుకోనివ్వకుండానే అతన్ని లాక్కుపోయింది. అతను తెల్లగీత దగ్గర వంగి కుడిచెవి గాలికి పెట్టాడు. వెనక బస్సు హారను కొడుతున్నా లేవలేదు. ముందు పక్కవాళ్ళవి విన్నాడు. "ఇది కాలు. ఇదీ కాలే. ఇదిగో, ఇది గేరు తప్పు." తర్వాత తొందరమ్మవి ఒక్కోటీ తట్టి విన్నాడు. మూడోది రెండుసార్లు విన్నాడు.

"ఇది కాలు కాదక్కా. ఆకలిచావు. ఇంజనుకి పెట్రోలు అందలేదు. మూడూ అంతే."

తొందరమ్మ వాచీలాయన కుర్చీలో కూలబడింది. ముందు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. ఇన్నాళ్ళూ నిద్రలో కూడా తిట్టుకున్న కాలిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. వాచీలాయన లేవమనలేదు.

గురువారం మెకానిక్ పెట్రోలు దారంతా వెతికాడు. గొట్టాలు ఊదాడు, ఫిల్టరు మార్చాడు, పంపు విప్పితే లోపలి రబ్బరు పొర కాస్త గట్టిపడి ఉంది. "దొరికాడు దొంగ," అని కొత్త పంపు బిగించాడు. శుక్రవారం సాయంత్రం తొందరమ్మ ఎక్కింది. మాస్టారు పక్కన, మెకానిక్ వెనక. మార్కెట్టు దాటారు, వంతెన దాటారు. కారు చక్కగా పోతోంది. ఇంక తిప్పుకు రావడమే అనుకుంటుండగా ఇంజను సన్నగిల్లింది. ఇంకా సన్నగిల్లింది. ఆగింది.

తొందరమ్మ సెల్ఫ్ కొట్టింది, అది మూలిగింది. మెకానిక్ బోనెట్టు ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు. ముగ్గురూ రోడ్డు పక్కన నిలబడి టీ తాగొచ్చేసరికి కారు ఏమీ ఎరగనట్టు లేచింది.

"కాసేపు ఆగితే ఎందుకు లేస్తుంది?" అంది తొందరమ్మ.

"అదే అర్థం కావట్లేదక్కా," అన్నాడు మెకానిక్. "పెట్రోలు ఉంది. దారి బాగుంది. పంపు కొత్తది. అయినా రానంటోంది."

"రేపే పరీక్ష."

"తెలుసు."

మాస్టారు వేరే కారు అడిగి చూస్తానన్నాడు. కానీ పరీక్ష కాగితాల్లో ఈ కారు నంబరే ఉంది, మార్చాలంటే ఆఫీసు సోమవారం గానీ తెరవరు. ఆ రాత్రి తొందరమ్మ మంచం కిర్రుకిర్రుమంటూనే ఉంది. వదిన అవతలి గదిలోంచి "కాలు ఆపు" అని ఒకసారి అరిచింది. కాసేపటికి తనే వచ్చి మరదలి కాళ్ళ దగ్గర కూర్చుని, ఎడమకాలిమీద చెయ్యేసి, అలాగే నిద్రపోయింది.

శనివారం మధ్యాహ్నం దాకా బేకరీ. పరీక్ష ఆ తర్వాత. పిండి కలిపే ఆయన నూనె అయిపోయిందంటే తొందరమ్మ కొత్త డబ్బా తెరిచింది. మూలన మేకుతో ఒక కన్నం పొడిచి, వెంటనే గిన్నెలోకి వంచింది. నూనె ధారగా వచ్చి, సన్నబడి, గుటక వేసి ఆగిపోయింది. డబ్బా రేకు లోపలికి నొక్కుకుంది.

"నీ తొందర తగలెయ్య. రెండో కన్నం పెట్టందే ఎలా కారుతుంది? నూనె బయటికి రావాలంటే గాలి లోపలికి పోవద్దూ?" అన్నాడు ఆయన.

తొందరమ్మ డబ్బా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆ గుటక ఆవిడకి తెలుసు. నెలలుగా రోజూ భుజంతో తట్టి వింటున్న గుటకే అది.

"పెడతాడులే, నువ్వే పెట్టుకో," అని ఏదో పొంతనలేని మాట అనేసి, ఏప్రన్‌తోనే రోడ్డెక్కి పరుగు తీసింది.

మాస్టారు స్కూలు ముందు కారు తుడుస్తున్నాడు.

"మాస్టారూ, పెట్రోలు ట్యాంకు మూతకి గాలి పోవడానికి కన్నం ఉంటుందా?"

"ఉండేదమ్మా," అన్నాడు ఆయన.

"ఉండేదేంటి?"

మాస్టారు గుడ్డ పిండటం ఆపాడు. "నువ్వు చేరిన వారంలో పెట్రోలు వాసనకి తల తిప్పుతోందన్నావు కదా. ఒకరోజు వాంతి కూడా చేసుకున్నావు. నేర్చుకునే మనిషికి ఆ బాధేంటని, కొవ్వొత్తి కరిగించి నేనే పూడ్చాను." చెప్తూ చెప్తూ ఆయన మొహం పాలిపోయింది. "రోజూ పొద్దున పెట్రోలు పోద్దామని మూత తిప్పగానే హుస్సుమనేది. ముసలిబండి, ఒగరుస్తోంది అనుకున్నానమ్మా."

రోజూ పొద్దున మూత తీసినప్పుడు గాలి లోపలికి పోయేది, కారు మధ్యాహ్నం దాకా బాగా నడిచేది. గాలి రాని ట్యాంకులోంచి పెట్రోలు లాగలేక లాగలేక సాయంత్రానికి ఇంజనుకి ప్రాణం మీదికొచ్చేది. కాసేపు ఆపితే ఏ సందులోంచో రవ్వంత గాలి దూరి మళ్ళీ లేచేది. సాయంత్రం వచ్చేది తొందరమ్మ, మంగలాయన. పరీక్షలోనూ అంతే. బేకరీ నుంచి వచ్చేది కాబట్టి స్కూలు వాళ్ళందరి తర్వాత ఆ కారు ఎక్కేది తొందరమ్మే.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు చేశాను తల్లీ," అన్నాడు మాస్టారు. తొందరమ్మకి ఆయన్ని నాలుగు తిట్టాలనీ ఉంది, కాళ్ళకి దణ్ణం పెట్టాలనీ ఉంది. మూడు పరీక్షలు పాడుచేసింది ఆయనే. తనకి తల తిప్పుతోందని పట్టించుకున్నది కూడా ఇంతమందిలో ఆయనొక్కడే. చివరికి రెండూ చెయ్యకుండా జడలోంచి పిన్ను తీసి మైనాన్ని పొడిచింది. మైనం ఊడింది. ట్యాంకు చాలాసేపు గాలి పీల్చుకుంది, ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పిల్ల వెక్కినట్టు. వెంటనే పెట్రోలు వాసన గుప్పుమంది. తొందరమ్మకి కడుపులో తిప్పింది. అంత హాయిగా ఎప్పుడూ తిప్పలేదు.

మిట్ట కింద మనుషులు బాగానే చేరారు. మెకానిక్ షెడ్డు మూసి వచ్చాడు. వదిన కూడా వచ్చింది, అయితే పరీక్ష చూడటానికి కాదట. వాచీ పట్టీ తెగిందని దుకాణానికి వచ్చిందట. ఆవిడ చేతికి వాచీయే లేదు.

తొందరమ్మ వంతు ఎప్పట్లాగే చివర్న వచ్చింది. ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చుని వాసనకి ముక్కు మూసుకున్నాడు. సెల్ఫ్ కొట్టగానే కారు లేచింది. వంపులు తిరిగింది, వెనక్కి తిప్పి పెట్టింది, అన్నీ అయ్యాయి. మిట్ట సగం ఎక్కి తెల్లగీత ముందు ఆపింది.

అక్కడ ఆవిడకి అప్పటిదాకా తట్టని సంగతి తట్టింది. ముందు పరీక్షల్లో బండి ఆ గీతని దాటనే లేదు. ఇప్పుడు దాటాలంటే తన మూడు దగ్గుల్లోంచే దాటాలి.

బండి కదిలించింది. బోనెట్టు మొదటిదానికి తగిలింది. ఇంజను సన్నగిల్లి, ఇంకా సన్నగిల్లి, గుటక వేసి చచ్చిన చప్పుడు. ఎడమకాలు క్లచ్చి మీదికి ఎగరబోయింది. నొక్కితే బండి వెనక్కి జారుతుంది, పరీక్ష పోతుంది. నొక్కకపోతే, ఒకవేళ నిజంగానే ఆగిపోతే? చెవులు ఆగిందంటున్నాయి. అద్దంలో వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం కనిపించింది. తొందరమ్మకి పుట్టి బుద్ధెరిగాక ఏమీ చెయ్యకుండా ఉండటం అంత కష్టం ఎప్పుడూ కాలేదు. అరికాలి కింద ఇంజను వణుకు మాత్రం ఉంది, సన్నగా, ఆగకుండా. ఆవిడ చెవుల్ని వదిలేసి ఆ వణుకుని పట్టుకుంది. రెండో దగ్గు మోగింది. మూడోది మోగింది. కాలు నేలమీదే ఉంది.

ఇన్‌స్పెక్టరు పెన్ను తీశాడు. "ఆగిపోయిందిగా?"

"లేదండీ," అంది తొందరమ్మ. "అవి నా పాతవి."

ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. వాచీల దుకాణం వెనక్కి పోతోంది. మిట్ట పైభాగం దగ్గరికొస్తోంది. తల లోపలికి తీసుకుని, ఏదో రాసి, సంతకం పెట్టి, మిట్ట పైన దిగిపోయాడు.

పైన మాస్టారు ఎదురొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని, "మంగలాయన దుకాణం కట్టేసే వేళవుతుందమ్మా, ఆయనకీ చెప్పాలి," అని గబగబా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. కారు సంగతే మర్చిపోయాడు. తొందరమ్మ పక్క సీటు ఖాళీగా చూడటం అదే మొదటిసారి. చూస్తుండగానే తలుపు తెరుచుకుంది. వదిన ఎక్కి కొంగు సర్దుకుని, ముందుకే చూస్తూ కూర్చుంది.

"ఇంటికేనా వదినా?"

"రేకుల సందులోంచి పోనీ," అంది వదిన.

"అందులో గాలాడదన్నావుగా?"

"పోనీమన్నానా లేదా?"

సందు ఇరుకే గానీ కారు పడుతుంది. పైన రేకులు కప్పి ఉండటంతో అక్కడ ఎండా వానా పడవు. సగం దూరం పోయాక బోనెట్టుకి ఏదో తగిలింది. టప్. అంతే, బుల్లి చప్పుడు, గుండీ ఊడి నేలమీద పడ్డట్టు. తొందరమ్మ బండి ఆపింది.

"నాదే," అంది వదిన. "పెళ్ళికి ముందు, మా నాన్న కారు. మొదటిరోజే. ఈ కొట్లవాళ్ళందరూ బయటికొచ్చి నవ్వారు, నాన్న కూడా నవ్వాడు. దిగి ఇంటికి నడిచి వెళ్ళిపోయాను. మళ్ళీ ఎక్కలేదు." తల కిటికీ బయటికి పెట్టి చెయ్యి చాపి ఆ చోటుని మళ్ళీ తట్టింది. టప్. ఇంకోసారి తట్టింది. ఆవిడ మొహంలో నవ్వూ కాదు, ఏడుపూ కాదు.

"ఇంతేనా?" అంది. "దీనికా నేను ఇన్నేళ్ళూ ఊరంతా చుట్టి తిరిగింది?"

"ఇది కాలు తప్పే వదినా. క్లచ్చి ఠక్కున వదిలేశావు."

"తెలుస్తూనే ఉందిలే."

వెనక ఎవరో హారను కొట్టారు. తొందరమ్మ గేరు వెయ్యబోతూ పక్కకి చూసి ఆగింది. వదిన అటు తిరిగి కూర్చుని ఉంది. కింద ఆవిడ ఎడమకాలు, చెప్పు విడిచి, అక్కడ లేని క్లచ్చిని మెల్లగా నొక్కి, మెల్లగా వదులుతోంది.